తాళాలూ, నవ్వూ

2024 నవంబరు 13న వైట్‌హౌస్‌కి వచ్చిన ట్రంప్‌కి బైడెన్ నవ్వుతూ చెయ్యందించాడు. ఎన్నికల ముందంతా ఈయన ప్రజాస్వామ్యానికే ప్రమాదమన్నవాడు! అప్పటి మాట అబద్ధమా, ఇప్పటి నవ్వు అబద్ధమా అని అడిగారు కొందరు. అడగరూ మరి!

రెండూ నిజమేనంటాను నేను. నచ్చని కోడలికైనా అత్తగారు తాళాలగుత్తి ఇవ్వక తప్పదు కదా! (ఎలా విసురుతుందన్నది వేరే కథ. నా నవలలు సగం దానిమీదే బతికాయి.)

ఆడమ్స్ అలా విసిరిన రకమే. జెఫర్సన్ చేతిలో ఓడిపోయి, 1801 మార్చి 4న ఆయన ప్రమాణస్వీకారానికి ఉండకుండా తెల్లవారుజామునే బండెక్కి వెళ్ళిపోయాడు. అమెరికాలో ఒక పార్టీ చేతినుంచి ఇంకో పార్టీ చేతికి అధ్యక్ష పదవి మారడం అదే మొదలు. మర్యాద తక్కువే గాని, తాళాలు పట్టుకుపోలేదు. ఆ ముభావం మీద నాకు కోపం రాదు. 1812లో మళ్ళీ తనే ముందుగా జెఫర్సన్‌కి ఉత్తరం రాశాడు కూడాను.

2021 జనవరి 20న బైడెన్ ప్రమాణస్వీకారానికి ట్రంప్ రాలేదు. అంతవరకే అయితే ఆయన్నీ ఆడమ్స్ పక్కన కూర్చోబెట్టేద్దును. కాని ఓటమే ఒప్పుకోలేదే! ఆ నెల 6న ఆయన అభిమానులు పార్లమెంటు భవనంలోకి చొరబడ్డారే! అది గుత్తి దాచెయ్యడం.

అలాంటివాడికి తాళాలిస్తే చాలదా, నవ్వు కూడా ఎందుకూ? ఆ నవ్వు ట్రంప్ కోసం కాదనుకుంటాను. తన పార్టీకి ఓటేసినవాళ్ళకి, 'ఓడిపోయాం, ఇళ్ళకి పదండి' అని చెప్పడం. అయినా, బైడెన్ మాట నమ్మి నిజంగానే భయపడ్డవాళ్ళకి అది ఎంత గుచ్చుకుని ఉంటుందో!