మన పెరట్లోని మూగజీవులు – మనపై వాటి హక్కులు

ఈసారి మన ఇంటి పెరట్లోకి వెళ్ళి మాట్లాడుకుందాం. జామచెట్టు మీది ఉడుత, గోడ మీది పిల్లి, వరండాలో వేలాడే పంజరం, వంటింట్లో బారులు తీరిన చీమలు. ‘ఇవి కూడా ధర్మానికి సంబంధించిన విషయాలేనా?’ అని కొందరికి అనిపించవచ్చు. అయితే ఒక పిల్లి కారణంగా ఒక స్త్రీ నరకం పాలయిందని, ఒక కుక్క దాహం తీర్చిన కారణంగా ఒక వ్యక్తి పాపాలు మన్నించబడ్డాయని దైవప్రవక్త (స) మనకు తెలియజేశారు. నరకానికీ, క్షమాభిక్షకూ కారణమయ్యే విషయాన్ని చిన్న విషయమని ఎలా అనగలం?

మా ఇంట్లో జరిగిన సంగతి

ఇతరులకు చెప్పేముందు మా తప్పును మేమే ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం మా చిన్నమ్మాయి పట్టుబడితే ఒక జత లవ్ బర్డ్స్ కొనిచ్చాము. వాటికి గింజలు వేయడం, నీళ్ళు మార్చడం ఆ పిల్ల పని. మే నెలలో బంధువుల ఇంట్లో నికాహ్ ఉంటే నాలుగు రోజులకని ఇంటికి తాళం వేసి అందరం బయలుదేరాము. పక్కింటి ఖాలాకు తాళంచెవి ఇచ్చే ఉంటారని మేము అనుకున్నాము. మేమే ఇచ్చి ఉంటామని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు. చివరికి ఎవరూ ఇవ్వలేదు.

తిరిగి వచ్చేసరికి ఒక పక్షి పంజరం అడుగున చనిపోయి ఉంది. రెండోది రెక్కలు వాల్చి మూలకు ఒదిగి ఉంది. నీళ్ళు పట్టినా తాగలేకపోయింది. మగ్రిబ్ వేళకు అదీ పోయింది. నీళ్ళ గిన్నె పూర్తిగా ఎండిపోయి ఉంది. గింజల గిన్నె మాత్రం నిండుగా కనిపించింది. ఊది చూస్తే పైనంతా పొట్టే. ఆ పక్షులు గింజను ఒలిచి తిని పొట్టును ఆ గిన్నెలోనే వదిలేస్తాయి. గిన్నె నిండుగా ఉందని బయలుదేరే ముందు చూసి తృప్తిపడింది కూడా మేమే.

ఆ రాత్రి మా అమ్మాయి ఒక మాట అడిగింది: “అబ్బా! అవి నీళ్ళ కోసం అరిచి ఉంటాయి కదా? ఎవరికీ వినిపించలేదా?”

మా దగ్గర జవాబు లేదు. మనిషికి అన్యాయం చేస్తే అతని ఇంటికి వెళ్ళి క్షమించమని అడగవచ్చు. చనిపోయిన పక్షిని ఏమని అడుగుతాము?

మూసిన తలుపు

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన హదీసు మనలో చాలామంది వినే ఉంటారు. ఒక స్త్రీ పిల్లిని బంధించి ఉంచింది. దానికి తిండి పెట్టలేదు. నేలమీది పురుగూ పుట్రా తిని బతికేలా వదిలిపెట్టనూ లేదు. అది చనిపోయింది. అందుకే ఆమెకు శిక్ష పడింది (బుఖారీ, ముస్లిం).

ఈ హదీసును కాస్త నిదానంగా ఆలోచించండి. ఆమె పిల్లిని కొట్టినట్టు గాని, చంపినట్టు గాని ఇందులో లేదు. తలుపు మూసింది, ఆ తర్వాత పట్టించుకోలేదు. అంతే. భూమ్మీద ప్రతి ప్రాణి ఉపాధి అల్లాహ్ బాధ్యతేనని సూరె హూద్ మనకు తెలుపుతుంది. గోడమీది పిచ్చుక ఉదయం ఖాళీ కడుపుతో ఎగిరిపోతుంది, ఎక్కడో తన గింజను వెతుక్కుంటుంది. కాని ఆ పిచ్చుకనే పంజరంలో పెడితే? దాని ఉపాధి చేరే దారి మన చేతిలోకి వచ్చింది. గొళ్ళెం పెట్టిన చేయే గిన్నె కూడా నింపాలి. నింపలేని చేయి గొళ్ళెం పెట్టకూడదు. ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన ముఖ్య విషయం ఇదే.

అంటే పక్షిని పెంచడమే తప్పా? అలా అనలేము. హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్ దగ్గర ఒక చిన్న పిట్ట ఉండేది. దైవప్రవక్త (స) ఆ ఇంటికి వచ్చినప్పుడల్లా పిల్లవాడిని పలకరించేవారు. ఒకసారి ఆ పిట్ట చనిపోయి పిల్లవాడు దిగులుగా ఉంటే, దాని పేరెత్తి ఎంతో ప్రేమగా కుశలం అడిగారు. పిట్టను పెంచుకోవడాన్ని ఆయన ఆక్షేపించలేదు. హక్కు నెరవేర్చే షరతుపై పెంచుకోవడం సమ్మతమేనని ధర్మవేత్తలు దీని ద్వారా గ్రహించారు. ఇందులో తల్లిదండ్రులకు మరో పాఠం కూడా ఉంది. పిట్ట పోయిందని ఏడ్చే పిల్లను ‘ఇంకోటి కొందాంలే’ అని నోరు మూయించకూడదు. ఒక ప్రాణం పోయిందని ఆ పిల్లకు అర్థమైంది. ఆ దయను మనమే చంపివేయరాదు.

అయితే రామచిలుకల సంగతి వేరు. మన చిలుకలను పట్టడం, అమ్మడం, ఇంట్లో పెట్టుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చెట్టు తొర్రలోంచి తల్లి నుండి వేరుచేసి తెచ్చిన పిల్లలనే సాధారణంగా అమ్ముతారు. ఒక ప్రయాణంలో సహాబాలు ఒక పిట్ట పిల్లలు రెండింటిని పట్టుకుంటే, తల్లిపిట్ట రెక్కలు కొట్టుకుంటూ చుట్టూ తిరిగింది. దైవప్రవక్త (స) అది చూసి, పిల్లల విషయంలో ఈ తల్లిని బాధపెట్టింది ఎవరని అడిగి, వాటిని తల్లికి తిరిగి ఇప్పించారు (అబూ దావూద్). ఈ హదీసు తెలిసిన ఇంట్లో దొంగచిలుక పంజరం ఉండతగదు.

పిలవకుండా వచ్చే అతిథులు

మనం పెంచకపోయినా మన గడపలో తిరిగే జీవులు కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది పిల్లి. వుజూ నీళ్ళలో పిల్లి మూతి పెట్టిందని బకెట్టు నీళ్ళు పారబోసి దాని వెంటపడి కొట్టేవారు మనలో ఉన్నారు. హజ్రత్ అబూ ఖతాదా (రజి)కి ఆయన కోడలు కబ్షా వుజూకు నీళ్ళు పోసింది. పిల్లి వస్తే ఆయన పాత్రను వంచి అది తాగేదాకా పట్టుకున్నారు. కోడలు ఆశ్చర్యంగా చూస్తుంటే, పిల్లి అశుద్ధమైనది కాదని, అది మన ఇళ్ళలో మన చుట్టూ తిరిగే ప్రాణి అని దైవప్రవక్త (స) చెప్పినట్లు ఆమెకు తెలిపారు (అబూ దావూద్, తిర్మిజీ).

అటకమీద పిల్లి పిల్లలు పెడితే వాటిని సంచిలో వేసి మార్కెట్టు దగ్గర వదిలివచ్చే అలవాటు మన వీధుల్లో ఉంది. పాలు మరవని పిల్లలను తల్లి నుండి దూరం చేస్తే అవి బతకడం కష్టం. రెండు నెలలు ఓపిక పడితే అవే నడుస్తాయి, అవే తింటాయి. పైన చెప్పిన తల్లిపిట్ట సంఘటన మనకు ఆ సమయంలో గుర్తు రావాలి.

కుక్క విషయంలో మన ధర్మాదేశాలు వేరు. వేట, పశువుల కాపలా, పొలం కాపలా వంటి అవసరం లేకుండా కుక్కను పెంచడాన్ని దైవప్రవక్త (స) వారించారు. అది మూతిపెట్టిన పాత్రను ఏడుసార్లు, అందులో ఒకసారి మట్టితో, కడగమన్నారు. అయితే ఈ ఆదేశాలను సాకుగా చేసుకొని వీధికుక్కను రాళ్ళతో కొట్టడానికి ఏ ఆధారమూ లేదు. దాహంతో తడిమట్టి నాకుతున్న కుక్కను చూసి ఒక వ్యక్తి బావిలోకి దిగి, తన మేజోడులో నీళ్ళు నింపి, నోటితో పట్టుకొని పైకి వచ్చి తాగించాడు. అల్లాహ్ అతన్ని మన్నించాడు. జంతువుల విషయంలో కూడా మాకు పుణ్యం ఉంటుందా అని సహాబాలు అడిగితే, ప్రాణమున్న ప్రతిదాని విషయంలో పుణ్యం ఉందని ఆయన (స) సమాధానమిచ్చారు (బుఖారీ, ముస్లిం). మన గేటు బయట ఒక పాత మట్టిచిప్ప పెట్టి నీళ్ళు పోయడానికి బావిలోకి కూడా దిగనవసరం లేదు.

హాని చేసే జీవులు

‘మరి ఎలుకలను, తేళ్ళను కూడా ముద్దుచేయాలా?’ అని కొందరు అడుగుతారు. లేదు. హాని చేసే ఎలుక, తేలు వంటి వాటిని చంపడానికి షరీఅత్ అనుమతించింది. కాని చంపే పద్ధతికి కూడా మర్యాద నేర్పింది. అల్లాహ్ ప్రతి విషయంలో మేలైన రీతిని విధిగా చేశాడని, చంపవలసి వస్తే మంచి పద్ధతిలో చంపాలని, జిబహ్ చేసేటప్పుడు కత్తికి పదును పెట్టి జంతువుకు సౌకర్యం కలిగించాలని హజ్రత్ షద్దాద్ బిన్ ఔస్ (రజి) ఉల్లేఖనంలో ఉంది (ముస్లిం).

ఈ గీటురాయి మీద ఈరోజు బజారులో దొరికే జిగురు అట్టను పరీక్షించండి. ఎలుక దానికి బతికుండగానే అతుక్కుంటుంది. గంటల తరబడి పెనుగులాడి, ఆకలిదప్పులతో మెల్లగా చస్తుంది. మనం ఆ అట్టను అలాగే మడిచి చెత్తబుట్టలో పడేస్తాము. ఇక్కడ కూడా కదలలేని ప్రాణి, అందని నీళ్ళు, పట్టించుకోని మనిషి! పిల్లిని బంధించిన స్త్రీ కథకు ఇది ఎంత దూరంలో ఉంది? ఎలుకల మందు సంగతీ అంతే. ఆ మందు తిన్న ఎలుకను తిని మన వీధి పిల్లి, చెట్టుమీది గుడ్లగూబ కూడా చస్తాయి. వాటికంటే బోను మంచిది. అన్నింటికంటే ముందు బియ్యం డబ్బాకు మూత, ఎంగిలి గిన్నెలకు శుభ్రత, గోడ కన్నాలకు సిమెంటు. రాత్రివేళ పాత్రలపై మూతలు పెట్టమని దైవప్రవక్త (స) మనకు ఏనాడో నేర్పారు.

చీమల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. చీమను, తేనెటీగను చంపవద్దని హదీసులో వారింపు ఉంది. కాల్చివేసిన చీమల పుట్టను చూసి, అగ్నితో శిక్షించే హక్కు అగ్నికి ప్రభువైన అల్లాహ్‌కే ఉందని దైవప్రవక్త (స) హెచ్చరించారు (అబూ దావూద్). కాబట్టి పుట్టమీద కిరోసిన్ పోసి అంటించడం మన పని కాదు. చక్కెర డబ్బా మూత బిగించి, గట్టు తుడిచి, వాటి దారిలో పసుపు చల్లితే చాలావరకు అవే దారి మార్చుకుంటాయి.

చెట్టు నాటినవారి పుణ్యం

మన అక్కచెల్లెళ్ళ నుండి వినిపించే ఫిర్యాదు ఒకటుంది. జామచెట్టు పెంచితే కాయ పండకముందే ఉడుతలు కొరికేస్తున్నాయి, దానిమ్మ పండితే చిలుకలు ఒలిచేస్తున్నాయి అని. ఈ ఫిర్యాదుకు హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనంలో ఎంతో చల్లని జవాబు ఉంది. ఒక ముస్లిం చెట్టు నాటినా, పైరు వేసినా, దానిలోంచి పక్షిగాని, మనిషిగాని, పశువుగాని తింటే అది అతనికి సదఖాగా పరిగణించబడుతుంది (బుఖారీ, ముస్లిం). మీరు నిద్రలో ఉండగా ఉడుత కొరికిన కాయ కూడా మీ ఖాతాలో దానమే! ఇంట్లోకి కావలసిన కాయలకు గుడ్డసంచులు కట్టుకోండి, తప్పులేదు. కాని చెట్టంతా నైలాన్ వల కప్పితే పక్షుల కాళ్ళు చిక్కుకుంటాయి. చూసి విడిపించేవారు లేకపోతే అక్కడే ఎండి చస్తాయి.

ఇల్లు కట్టేటప్పుడు జాగా అంతా సిమెంటు చేసి, కారుకోసం ఉన్న ఒక్క వేపచెట్టూ కొట్టేసేవారు ఆలోచించాలి. జాగా లేనివారికి మేడమీద రెండు కుండీలున్నా చాలు. గోరింటాకు మొక్క, మల్లె, కరివేపాకు చాలు పిట్టలు వాలడానికి.

పిల్లల చేతిలో ఉండేలు

సెలవుల్లో పిల్లలు ఉండేలు పట్టుకొని తొండలను, కాకులను గురిచూస్తుంటే ‘ఆడుకోనివ్వండి’ అని నవ్వి ఊరుకుంటాము. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) దారిలో కొందరు ఖురైష్ యువకులు ఒక పక్షిని నిలబెట్టి బాణాలతో గురి చూస్తుండగా చూశారు. ప్రాణమున్న దానిని గురిగా చేసుకునేవారిని దైవప్రవక్త (స) శపించారని వారికి చెప్పారు (బుఖారీ, ముస్లిం). ఆ యువకులకు అది ఆటే. అది ఎలాంటి ఆటో వారికి చెప్పే పెద్దమనిషి ఒకరు ఆ దారిన వచ్చారు. మన పిల్లలకు ఆ మాట చెప్పవలసింది మనమే.

నేటి నుండే చేయదగిన పనులు

ఎండాకాలంలో మన జిల్లాల్లో వేడి 45 డిగ్రీల దాకా పోతుంది. నీడలో వెడల్పాటి మట్టిచిప్ప పెట్టి, చిన్న పిట్టలు నిలబడడానికి నాలుగు గులకరాళ్ళు వేయండి. నీళ్ళు రోజూ పారబోసి, చిప్ప రుద్ది మళ్ళీ నింపండి. వారం రోజులు నిలవ ఉన్న నీటిలో డెంగీ దోమలు పుట్టుకొస్తాయి. పిట్టకు మేలు చేయబోయి పొరుగువారికి కీడు చేయరాదు.

పంజరంలో పక్షులున్న ఇంట్లో వాటి బాధ్యత ఎవరిదో పేరు పెట్టి చెప్పండి. ‘అందరిదీ’ అంటే ఎవరిదీ కాదని మా ఇల్లు నేర్చుకుంది. గింజల గిన్నెను రోజూ ఊది చూడండి. ఊరికి వెళితే తాళంచెవి పొరుగువారి చేతిలో పెట్టి, పెట్టినట్టు ఇంట్లో అందరికీ చెప్పండి. ఇక పెంచలేమనుకుంటే పుణ్యమని లవ్ బర్డ్స్‌ను గాలిలోకి వదిలేయకండి. అవి మన నేల పక్షులు కావు, పంజరంలోనే పుట్టి పెరిగినవి. బయట తిండి వెతుక్కోలేవు. చూసుకోగలవారికి అప్పగించండి.

వినేవాడున్నాడు

మా అమ్మాయి అడిగిన ప్రశ్నకు మాకు చాలా రోజుల తర్వాత జవాబు దొరికింది. దైవప్రవక్త (స) ఒకసారి ఒక అన్సారీ తోటలోకి వెళ్ళారు. అక్కడున్న ఒంటె ఆయనను చూసి మూలిగింది, దాని కళ్ళు నీరుకార్చాయి. ఆయన (స) దగ్గరకు వెళ్ళి దాని చెవుల వెనుక నిమిరితే శాంతించింది. యజమానిని పిలిపించి, అల్లాహ్ నీ ఆధీనంలో ఉంచిన ఈ జంతువు విషయంలో ఆయనకు భయపడవా, నువ్వు దీన్ని ఆకలితో ఉంచి అలసిపోయేలా పనిచేయిస్తున్నావని ఇది నాకు మొరపెట్టుకుంది అని మందలించారు (అబూ దావూద్).

ఈ సంఘటన మా అమ్మాయికి చెప్పి, “వాటి అరుపు మనకు వినిపించలేదు బేటీ, వాటిని పుట్టించిన అల్లాహ్‌కు వినిపించింది” అన్నాము. ఆ మాట ఆ పిల్లకు ఊరట. మాకు మాత్రం భయం. కొమ్ములు లేని గొర్రెకు కొమ్ముల గొర్రె నుండి కూడా న్యాయం ఇప్పించబడే దినం ఒకటి ఉందని మనం విశ్వసిస్తాము. ఆ దినాన తాళం వేసిన ఇంట్లోని రెండు పక్షుల లెక్క తప్పిపోతుందా?

తౌబా తలుపు ఇంకా తెరిచే ఉంది. అందుకే మేము ఆ పంజరాన్ని మళ్ళీ నింపలేదు. గోరింటాకు మొక్క కింద ఒక మట్టిచిప్ప ఉంది. ఫజ్ర్ నమాజు తర్వాత దానిలో నీళ్ళు మార్చడం ఇప్పుడు మా వంతు.

ఓ అల్లాహ్! మా అజాగ్రత్తను మన్నించు. నోరులేని జీవుల మొర వినే హృదయాలను మాకు, మా సంతానానికి ప్రసాదించు. ఆమీన్.