కన్నది రాణి, పెంచాల్సింది ఊరు

 

ఈ వారం వీడియోలో సప్తసంతానాల గురించి చెప్పుకున్నాం కదా. కొడుకు, చెరువు, గుడి, తోట, నిధి, అగ్రహారం, కావ్యం. మనిషి పోయాక కూడా అతని పేరు నిలబెట్టే ఏడు సంతానాలుగా మన పెద్దలు వీటిని లెక్క కట్టారు. టైమ్ చాలక వీడియోలో ఒక ప్రశ్న వదిలేశాను. చెరువు తవ్వించినవాళ్ళకు పుణ్యం వస్తుంది, సరే. వాళ్ళు వెళ్ళిపోయి వందల ఏళ్ళు గడిచాక ఆ చెరువు ఎవరి బిడ్డ? దాన్ని చూసుకోకపోతే పాపం ఎవరిది?

ఈ ప్రశ్న మన పశ్చిమ ప్రకాశం వాళ్ళకు గాల్లో లెక్క కాదు. కంభం చెరువు మన కళ్ళ ముందే ఉంది. గజపతుల ఆడపడుచు, శ్రీకృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ కట్టించిందని ప్రసిద్ధి. రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డంగా వేసిన కట్ట అది. బ్రిటిష్ కాలం గెజిటీర్ లెక్క ప్రకారం కట్ట ఎత్తు 57 అడుగులు, నీళ్ళు వచ్చి చేరే పరీవాహక ప్రాంతం 430 చదరపు మైళ్ళు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీన్ని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. అదే ఏడాది పోరుమామిళ్ళ చెరువుకూ ఆ గౌరవం దక్కింది.

పోరుమామిళ్ళ అంటే గిద్దలూరుకు దక్షిణంగా, కడప జిల్లాలో. అక్కడి చెరువు దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. చెరువు కట్టడానికి కావలసిన పన్నెండు అంగాలు, చెరువుకు ఉండకూడని ఆరు దోషాలు అందులో వివరంగా చెప్పారు. మొదటి అంగం ధర్మం తెలిసిన రాజు, చివరిది పని తెలిసిన కూలీలు. దోషాలేమో కట్టలోంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు మధ్యలో మెరక, నేల ఎక్కువై నీరు తక్కువ కావడం, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం. నేను ఈ జాబితాను మళ్ళీ మళ్ళీ చదివాను. ఊరి మురుగు చెరువులోకి వదలడం అందులో లేదు. నీళ్ళొచ్చే వాగులో ఇంటి పునాది వేయడం లేదు. అలాంటి పని చేసేవాళ్ళుంటారని ఆ శాసనకర్తకు తోచి ఉండదేమో!

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. పుత్రుణ్ణి కంటే సంతానం అంటాం. కని వదిలేస్తే? భాగవతం తెలిసిన మనకు ఈ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. కృష్ణుణ్ణి కన్నది దేవకి. పెంచింది యశోద. పాలిచ్చింది, రోటికి కట్టింది, మన్ను తిన్నావా అని నోరు తెరిపించి చూసింది. లోకం యశోదను తల్లి అనడానికి మొహమాటపడలేదు. ఇంకో సంగతి, యశోద ఒక్కతే పెంచిందా? రేపల్లె మొత్తం పెంచింది. ఏ ఇంట్లో దూరి ఏ కుండ పగలగొట్టినా ఆ పిల్లవాడు ఊరందరి పిల్లవాడే.

చెరువు కూడా అంతే. వరదరాజమ్మ దేవకి. ఆమె కట్ట వేసి వెళ్ళింది. ఆ కట్ట తెగకుండా, తూము పూడిపోకుండా ఇన్ని తరాలు కాపాడిన యశోదలు వేలమంది. వాళ్ళ పేర్లు ఏ శాసనంలోనూ లేవు. అయినా ఆ పని ఎలా జరిగేదో చరిత్రలో ఉంది. రాయలసీమలో దశబంధం ఇనాములుండేవి. చెరువు కట్టినవాళ్ళకు, మరమ్మతు చూసుకునేవాళ్ళకు కొంత భూమో, శిస్తులో కొంత భాగమో వదిలేవాళ్ళు. మద్రాసు రాష్ట్రంలో కుడిమరామత్తు అనే ఆచారం ఉండేది. ఊరివాళ్ళే కలిసి వచ్చి కాలువల పూడిక తీయాలి. చివరికి 1858లో ఆ పని బలవంతంగానైనా చేయించడానికి చట్టం తెచ్చారు. చట్టం అవసరమైందంటేనే అలవాటు సడలిందన్నమాట. ఆ రోజుల్లో అంతా బంగారమని నేననను. మట్టి మోసిన భుజాలకూ నీళ్ళు పారిన పొలాలకూ చాలాచోట్ల సంబంధం లేదు. మనం తిరిగి తెచ్చుకోవలసింది ఆ వెట్టిని కాదు, ‘ఇది మన చెరువు’ అనే ఆ భావాన్ని.

గుడికీ చెరువుకూ ఉన్న బంధం కూడా గుర్తుచేస్తాను. విజయనగర కాలంలో తిరుమల స్వామికి భక్తులు సమర్పించిన ధనంతో దేవస్థానం వాళ్ళు స్వామివారి గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించారు. వాటి కింద పెరిగిన పంటతో నైవేద్యాలు జరిగేవి. శాసనాల్లో ఉన్న మాట ఇది. అంటే హుండీలో పడ్డ కానుక చెరువై, చెరువు పంటై, పంట ప్రసాదమై భక్తుడి చేతికి తిరిగొచ్చింది. మార్కాపురం చెన్నకేశవుడి తీర్థం చేతిలో పోయించుకుని కళ్ళకద్దుకుంటాం. అదే నీరు ఇంటి వెనక కాలువలో పారితే ముక్కు మూసుకుంటాం. దేవుడు ఒక చేతి నీళ్ళలో ఉండి ఇంకో చోట నీళ్ళలో లేకుండా పోతాడా?

‘మేం టౌన్‌లో ఉంటాం, మాకు పొలం లేదు, చెరువుతో మాకేం పని’ అనేవాళ్ళుంటారు. 1997లో వచ్చిన చట్టంతో నీటి సంఘాలు ఏర్పడ్డాయి. వాటిలో ఓటు ఆయకట్టు రైతులకు ఉంది. పట్నవాసులకు ఆ సంఘంలో చోటు లేదు. కానీ మురుగు మాత్రం మనదే ఎక్కువ. ఒక్కసారి నీళ్ళ దారి చూడండి. నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టిన గుండ్లకమ్మ కంభం మీదుగా, మార్కాపురం ప్రాంతాన్ని తాకుతూ, అద్దంకి పక్కగా పోయి సముద్రంలో కలుస్తుంది. గిద్దలూరు పక్కనున్న సగిలేరు దక్షిణానికి తిరిగి పెన్నలో కలుస్తుంది. మన డాబా మీద పడ్డ వాన ఈ రెండిట్లో ఏదో ఒక దారి పడుతుంది. పైఊరు పారేసింది కిందిఊరు తాగుతుంది. మనకు పైన ఒక ఊరుంది, మనకు కింద ఒక ఊరుంది. ధర్మం అంటే ఇంతకంటే తేలిగ్గా చెప్పలేను.

‘పన్ను కడుతున్నాం, మున్సిపాలిటీ చూసుకోవాలి’ అని ఇంకో మాట. నిజమే, అడగండి. సర్వే చేసి హద్దురాళ్ళు వేయడం, మురుగు శుద్ధి చేయడం, తూములు బాగుచేయడం వాళ్ళ పనులే. గట్టిగా అడగాలి కూడా. కానీ గుడి ఊడ్చడానికి మనిషి ఉన్నాడు కదా అని బురదకాళ్ళతో లోపలికి వెళ్తామా?

‘వెలిగొండ నీళ్ళు వస్తున్నాయిగా’ అని మరో మాట. రావాలి, వస్తే సంతోషమే, ఈ నేల ఎన్నో ఏళ్ళుగా ఎదురుచూస్తోంది. అయితే సొరంగంలో వచ్చిన కృష్ణ నీళ్ళు ఒక్కటే మన బోర్లన్నిటినీ నింపలేవు. నింపడానికి ఊరి చెరువు, ఊరి కుంట కూడా కావాలి. చెరువు ఎండితే బోరు లోతుకు పోతుంది. లోతుకు పోయేకొద్దీ ఏమొస్తుందో ఫ్లోరైడ్‌తో పళ్ళు గారపట్టిన మన పల్లెల పిల్లలను చూస్తే తెలుస్తుంది.

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఆక్రమణలది. చెరువులు, కుంటలు సమాజం మొత్తానివి, వాటిని కాపాడాలని 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మరి చెరువు పోరంబోకులో గుడిసె వేసుకున్న పేదవాడి సంగతేంటి? ఇక్కడ నాకు కాళియమర్దనం గుర్తొస్తుంది. కాళియుడి విషంతో మడుగు పాడైంది, ఆ నీళ్ళు తాగిన ఆవులు, గోపబాలకులు పడిపోయారు. స్వామి మడుగులోకి దూకి పడగల మీద నాట్యం చేశాడు. కానీ చంపలేదు. కాళియుడి భార్యలు వేడుకుంటే, మడుగు ఖాళీ చేయించి, పోయి ఉండటానికి వేరే చోటు చూపించాడు, గరుడుడి భయం లేకుండా అభయమిచ్చాడు. పేదవాణ్ణి పాముతో పోల్చడం నా ఉద్దేశం కాదు. విషం కక్కినవాడికే చోటు చూపించిన స్వామి, గూడు లేనివాడికి చూపించకుండా పొమ్మంటాడా? చెరువు ఖాళీ కావాలి, పేదవాడికి ముందు చోటు కావాలి. రెండూ ధర్మమే. గుడిసె పీకేసి, పక్కనే వెంచర్ వేసినవాణ్ణి వదిలేస్తే మాత్రం అది ధర్మం కాదు.

ఇక మన చేతిలో ఉన్నవి. వినాయక చవితికి మట్టి బొమ్మ. నిర్మాల్యం, కవర్లతో సహా చెరువులో వేయకుండా చెట్టు మొదట్లో పూలు మాత్రమే. కార్తీకంలో అరటిదొప్ప దీపం, ప్లాస్టిక్ ప్రమిద వద్దు. ఎండాకాలంలో పూడిక మట్టి పొలాలకు తోలడం. వానలకు ముందు ఒక ఆదివారం, భజన బృందమే అనుకోండి, చెరువులోకి నీళ్ళొచ్చే వాగు వెంట చివరిదాకా నడవడం. ఎక్కడ మూసుకుపోయిందో, ఎవరి మురుగు కలుస్తోందో కళ్ళతో చూస్తేనే తెలుస్తుంది. చూసినదాన్ని రాసి, పదిమంది సంతకాలతో ఆఫీసులో ఇవ్వండి. గిరిప్రదక్షిణ పుణ్యమైతే ఇదీ పుణ్యమే.

కొత్త చెరువు తవ్వించే భాగ్యం మనలో ఎంతమందికి ఉంటుంది? ఉన్న చెరువుకు యశోద కావడానికి మాత్రం రాణివాసం అక్కర్లేదు. మీ ఊరి చెరువులోకి నీళ్ళు ఏ దారిన వస్తాయో ఈ వారం మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. వాళ్ళకు తెలుసు. వాళ్ళ తర్వాత తెలిసినవాళ్ళు ఉండాలి కదా.

సర్వం శ్రీకృష్ణార్పణం.