బంతి రాకముందే సిద్ధం: శబరి నేర్పిన ఎదురుచూపు



మన అనంతపురం వైపు భక్తులు తరచూ ఒకటే అడుగుతుంటారు. "గురువుగారూ, పూజలు చేస్తానే ఉన్నాం. వాన రాదు, కష్టం తీరదు. ఇంకా ఎన్నాళ్లు ఎదురుచూడాల?" న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబుగా ఈ వారం వీడియోలో శబరి కథ చెప్పాను. ఇక్కడ మన జిల్లా బిడ్డ మాట కూడా చెప్తాను.

నార్పల మండలంలో బండ్లపల్లి అనే ఊరుంది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించింది ఈ ఊళ్లోనే. ఆ ఊరి బిడ్డే బారెడ్డి అనూష. అనంతపురం ఆర్డీటీ మైదానంలో క్రికెట్ సాధన చేసింది. 2023 జులై 9న బంగ్లాదేశ్‌లోని మీర్పూర్‌లో భారత జట్టు తరఫున మొదటి టీ20 ఆడింది. అదే ఏడాది హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులోనూ ఉంది.

అనూష ఎడమచేతి స్పిన్ బౌలర్. టీ20లో ఒక బౌలర్‌కు దొరికేది ఎక్కువలో ఎక్కువ 4 ఓవర్లు, అంటే 24 బంతులు. ఇన్నింగ్స్‌కు 120. మరి మిగతా 96 బంతులప్పుడు ఏం చేయాల? ఎండలో నిలబడి ఫీల్డింగ్ చేయాల. అమెరికావాళ్లు ఆడే బేస్‌బాల్‌లో అయితే తొమ్మిదిమందిలో ముగ్గురి పనే ఇది. వాళ్లను ఔట్‌ఫీల్డర్లు అంటారు. మైదానం చివర్లో నిలబడతారు. చాలాసేపు వాళ్ల వైపు బంతే రాదు. అయినా ప్రతి బంతికీ మోకాళ్లు వంచి, కళ్లు నిలిపి సిద్ధంగా ఉంటారు. "వచ్చినప్పుడు చూద్దాంలే" అనుకుంటే, వచ్చిన ఆ ఒక్కటీ చేజారిపోతుంది.

శబరి చేసింది ఇదే కదా! ఆమె ఉన్నది పంపా తీరంలో. మన బళ్లారి దాటితే వచ్చే హంపి పక్కనే ఆ పంపా సరోవరం ఉందని పెద్దలు చెప్తారు. "రాముడు వస్తాడు" అన్నారు మతంగ మహర్షి ఆశ్రమంలోని మునులు. ఏ రోజు వస్తాడో చెప్పలేదు. అందుకే ఆ తల్లి ప్రతిరోజూ ఈ రోజే అనుకుంది. దోవ ఊడ్చింది, పండ్లు ఏరి పెట్టుకుంది. రాముడు వచ్చింది ఒక్కరోజే. కానీ ఆమె భక్తి ఆ ఒక్కరోజుది కాదు. రాముడు రాని రోజుల్లో ఊడ్చిన దోవంతా భక్తే.

మన రైతు కూడా అంతే. నైరుతి మేఘాన్ని పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్యపు వాన ఇక్కడికొచ్చేసరికి నీరసిస్తుంది. ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. ఒక్క పదును వాన పడితే శెనక్కాయ విత్తాల. అప్పుడు గొర్రు వెతుక్కుంటే కుదరదు. వానకు ముందే దుక్కి దున్నిపెట్టుకోవాల.

అయితే ఒక మాట. సిద్ధంగా ఉన్నంత మాత్రాన ఫలం వచ్చి తీరుతుందని నేను చెప్పను. దున్నిన చేను కూడా ఎండుతుంది. అది మీ తప్పూ కాదు, మీ భక్తిలో లోపమూ కాదు. ఎదురుచూపు వేరు, ఊరికే కూర్చోవడం వేరు. మన చేతిలో ఉన్నది సిద్ధపడటం ఒక్కటే. దాన్ని మాత్రం వదలొద్దు.

కరువు ఏడు రాగానే ఆడపిల్ల చదువు మాన్పించి, ఆట మాన్పించి పెళ్లి చేసేద్దాం అనుకునే తల్లిదండ్రులకు చేతులు జోడించి చెప్తున్నాను. ఆ బిడ్డ ఇప్పుడు తన దోవ ఊడ్చుకుంటోంది. ఆమె చేతిలో చీపురు లాక్కోవద్దు.

ఈ రాత్రి దీపం పెట్టినప్పుడు "స్వామీ, ఎప్పుడొస్తావు?" అని కాకుండా, "స్వామీ, రేపటికి నేను ఏం సిద్ధం చేయాల?" అని అడిగి చూడండి.

జై శ్రీరామ్. శుభం.