లెక్క చెప్పవలసిన ధర్మం

2021 సెప్టెంబర్ 1న అమెరికా సేనాధిపతుల కమిటీ ఛైర్మన్ జనరల్ మార్క్ మిలీ, మూడు రోజుల ముందు కాబూల్‌లో జరిగిన డ్రోన్ దాడిని విలేకరుల ఎదుట ధర్మబద్ధమైన దాడి అన్నారు. ఆగస్టు 26న విమానాశ్రయం గేటు దగ్గర ఆత్మాహుతి దాడిలో 13 మంది అమెరికా సైనికులు, ఎందరో అఫ్గాన్లు చనిపోయారు. అలాంటిదే మరో దాడి జరగకుండా 29న ఒక కారును పేల్చేశామని సైన్యం చెప్పింది. పిల్లలు చనిపోయారట కదా అని అడిగితే, విచారిస్తున్నామన్నారు. సెప్టెంబర్ 10న న్యూయార్క్ టైమ్స్ ఆ కారు నడిపిన మనిషి ఆ రోజంతా ఏం చేశాడో బయటపెట్టింది. అతను ఒక సహాయ సంస్థ ఉద్యోగి. ఆఫీసు సీసీ కెమెరాలో, ఇంటికి తీసుకెళ్లడానికి గొట్టంతో డబ్బాల్లో నీళ్లు పట్టుకుంటూ కనిపిస్తాడు. గంటల తరబడి ఆకాశం నుంచి కనిపెట్టినవాళ్లకు ఆ నీళ్ల డబ్బాలే పేలుడు పదార్థాలయ్యాయి. సెప్టెంబర్ 17న సైన్యం పొరపాటు ఒప్పుకుంది. చనిపోయిన 10 మందీ పౌరులే, అందులో ఏడుగురు పిల్లలు.

ధర్మమన్న మాట వాడారు కాబట్టి ధర్మం వైపు నుంచే అడుగుదాం. చంపాలని చంపలేదు గనుక పాపం లేదన్నది ప్రభుత్వాల వాదన. దీనికి గట్టి పునాదే ఉంది. ఒక పని వల్ల కోరిన ఫలం, కోరని ఫలం రెండూ కలిగితే వాటిని వేరువేరుగా తూచాలని 13వ శతాబ్దంలోనే థామస్ అక్వినాస్ చెప్పాడు. అయితే కోరకపోవడం ఒక్కటే చాలదని, అమాయకులను కాపాడటానికి కష్టనష్టాలకు ఓర్చి ప్రయత్నించి ఉండాలని 1977లో మైఖేల్ వాల్జర్ దానికి చేర్చాడు. నేను ఇంకో అడుగు ముందుకు వేస్తాను. ఆ ప్రయత్నం క్షిపణి వదలడంతో ముగిసిపోదు. ఎవరు చనిపోయారో తెలుసుకోవాలన్న ఆరాటం తర్వాత కూడా లేకపోతే, ముందు జాగ్రత్త పడ్డామన్న మాటను నమ్మేదెలా? అధికార ప్రతినిధి ‘విచారిస్తున్నాం’ అన్నప్పుడు అది మాట ఇవ్వడమో, మాట దాటేయడమో మొదటి ప్రశ్నతో తేలదు. రెండోసారి, పదోసారి అడిగితేనే తేలుతుంది. అందుకే ఆ మొండితనం విలేకరి వృత్తిధర్మమే కాదు, ప్రభుత్వం చెప్పుకునే నిర్దోషిత్వానికి ఏకైక పరీక్ష కూడా.

శత్రువే జనం మధ్య దాక్కుంటే తప్పెవరిదని అడుగుతారు. దాక్కున్నవాడి తప్పు నిజంగా పెద్దదే, దాన్ని నేను తగ్గించి చెప్పను. కానీ మాండవ్యుడి కథ గుర్తు తెచ్చుకోండి. దొంగలు దాక్కున్నది ఆయన ఆశ్రమంలోనే. మౌనవ్రతంలో ఉన్న ముని బదులు చెప్పలేదని రాజు ఆయనను కూడా కొరత వేయించాడు. నిజం తెలిశాక వచ్చి కాళ్ల మీద పడ్డాడు. శూలం మాత్రం బయటికి రాలేదు. మొదలు నరికితే మిగిలిన మొన ఒంట్లోనే ఉండిపోయి, ఆయన అణిమాండవ్యుడయ్యాడు. దొంగల నేరం రాజు చేసిన పనిని కడగలేదు.

యుద్ధం సాగుతుండగా ఇలా నిలదీస్తే సైన్యం నైతిక బలం దెబ్బతింటుందన్నది ఇంకో అభ్యంతరం. ఎక్కడ ఏ దళం ఉంది, రేపు ఎటు కదులుతుంది లాంటివి దాచుకోవచ్చు. నిన్న ఏ ఇంట్లో ఎందరు చనిపోయారన్నది ఆ ఇరుగుపొరుగుకు అప్పటికే తెలుసు. దాచేది శత్రువు నుంచి కాదు, సొంత ప్రజల నుంచే. వ్యాసభారతం స్త్రీపర్వంలో ధృతరాష్ట్రుడు ధర్మరాజును ఈ ప్రశ్నే అడుగుతాడు, ఎందరు చచ్చారని. అడిగింది ఓడినవాడు, నూరుగురు కొడుకులను పోగొట్టుకున్నవాడు. గెలిచినవాడు అది విచారణలో ఉందనలేదు. 166 కోట్ల 20 వేల మంది అన్నాడు. జాడ తెలియనివాళ్లు 24,165 మంది అని ఆ చివరి ఐదుగురి దాకా చెప్పాడు. నా అన్నవాళ్లు లేని శవాలకు కూడా దహనం జరగాలని ఆజ్ఞాపించాడు. ఆ అంకెలు చరిత్రకు నిలుస్తాయా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. లెక్క చెప్పడం రాజు పని అని ఆ కవి నమ్మాడు, నాకు అది చాలు.

కాబూల్ దాడికి ఎవరినీ శిక్షించబోమని 2021 డిసెంబర్‌లో పెంటగాన్ ప్రకటించింది. మనం పన్నులు కట్టే ప్రభుత్వమైనా, మన పిల్లలు వెళ్లి స్థిరపడిన దేశపు ప్రభుత్వమైనా, ఒక విలేకరి అదే ప్రశ్న మళ్లీ అడుగుతుంటే విసుక్కుని ఛానల్ మార్చకండి. జవాబు వచ్చేదాకా ఆ ప్రశ్నతో పాటు కూర్చోండి.