షెరిఫ్‌కి ఓటు

ఒక అక్టోబరు రాత్రి మా బావ అమెరికా నుంచి ఫోన్ చేశాడు. అక్కడ కొత్తగా పౌరసత్వం వచ్చింది, మొదటిసారి ఓటు వెయ్యబోతున్నాడు. బ్యాలెట్ పోస్టులో ఇంటికే వచ్చిందట, కాగితం రెండు వైపులా పేర్లే పేర్లు. "పైనున్న పెద్ద పోస్టులకి ఎవరికెయ్యాలో తెలుసురా బామ్మర్దీ. ఈ షెరిఫ్ దగ్గరే ఆగిపోయాను. పోలీసుకి ఓటెయ్యడం ఏమిటి?" అన్నాడు.

తర్వాత వాట్సాప్‌లో ఒక అభ్యర్థి కరపత్రం ఫొటో పంపాడు. యూనిఫాంలో ఒక నడివయసు మనిషి, పక్కన భార్యాపిల్లలు, కాళ్ల దగ్గర ఒక కుక్క. కింద మూడు మాటలు: అనుభవం, నాయకత్వం, ప్రజా భద్రత. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు, ఇన్ని వందల మంది సిబ్బందిని నడిపించిన చరిత్ర. రెండో అభ్యర్థి కరపత్రం కూడా పంపాడు. కుక్క లేదు, మిగతాదంతా అదే.

షెరిఫ్ అంటే మనకి కౌబాయ్ సినిమాల్లో ఛాతీ మీద నక్షత్రం పెట్టుకుని తిరిగేవాడు. ముంబైలోనూ కలకత్తాలోనూ ఆ పేరుతో ఉన్నది పెత్తనం లేని గౌరవ పదవి. అమెరికాలో మాత్రం మూడువేల పైచిలుకు కౌంటీల్లో దాదాపు అన్నిటికీ ప్రజలు నేరుగా ఎన్నుకునే షెరిఫ్ ఉంటాడు. నగర పోలీస్ చీఫ్‌ని మేయరో, కౌన్సిలో నియమిస్తుంది, తీసేస్తుంది. షెరిఫ్‌కి పై అధికారి లేడు, ఓటరు తప్ప. చాలాచోట్ల కౌంటీ జైలు కూడా ఆయన చేతిలోనే ఉంటుంది. అసలు ఆ పదం పుట్టింది ఇంగ్లండులో, జిల్లాలో రాజుగారి మనిషి అన్న అర్థంలో. రాజు తరఫున పన్నులు వసూలు చేసినవాడి పేరు, సముద్రం దాటాక జనం మనిషికి వచ్చింది.

సరే, అనుభవం. పోలీసు పనికి అనుభవం అక్కర్లేదని వాదించే ధైర్యం నాకు లేదు. రాత్రి రెండింటికి జైల్లో ఒకడు గుండె పట్టుకుని కూలిపోతే ఏం చెయ్యాలో తెలిసిన మనిషి ఉండాలి. కానీ కరపత్రంలోని ఆ మాట దేనికి సాక్ష్యం?

జో అర్పాయో సంగతి చూడండి. అరిజోనాలో మారికోపా కౌంటీ షెరిఫ్. ఫీనిక్స్ నగరం, మనవాళ్లు చాలామంది ఉండే చాండ్లర్ ఆ కౌంటీలోవే. అనుభవంలో ఆయన్ని మించిన అభ్యర్థి దొరకడం కష్టం. సైన్యం, రెండు నగరాల పోలీసు ఉద్యోగం, తర్వాత మాదకద్రవ్యాల నిరోధక సంస్థలో పాతికేళ్లపాటు, టర్కీలో, మెక్సికోలో. 1992లో గెలిచాడు. 1993లో కొరియా యుద్ధం నాటి పాత మిలిటరీ గుడారాలు వేసి ఖైదీలని అందులో ఉంచాడు. ఫీనిక్స్ ఎండ హైదరాబాద్ మే నెలకి అన్నలాంటిది. మగ ఖైదీలకి గులాబీ రంగు లోదుస్తులు ఇచ్చాడు. కాళ్లకి గొలుసులు వేసి రోడ్ల మీద పని చేయించాడు, ఆడవాళ్లతో సహా. ఇవేవీ దాచిపెట్టి చేసినవి కావు. పత్రికల వాళ్లని పిలిచి మరీ చూపించాడు. జనం ఆయన్ని ఆరుసార్లు గెలిపించారు.

2013లో ఫెడరల్ జడ్జి ఒకరు ఆయన విభాగం జాతిని చూసి లాటినోలని ఆపుతోందని తీర్పు చెప్పారు. 2016లో ఓడిపోయాడు. 2017లో కోర్టు ధిక్కారం కింద దోషిగా తేలాడు, నెల తిరక్కుండానే అధ్యక్షుడి క్షమాభిక్ష వచ్చింది. ఆయన్ని ఓడించిన పాల్ పెన్‌జోన్ ఆ గుడారాలని మూసేశాడు. ఆయనా అనుభవజ్ఞుడైన పోలీసే. అంటే గుడారాలు వేసినవాడికీ తీసేసినవాడికీ కరపత్రంలో ఒకే మాట సరిపోతుంది.

ఇంకో ఉదాహరణ శాన్‌ఫ్రాన్సిస్కోది. మైకేల్ హెన్నెసీ ఖైదీల తరఫున పనిచేసిన లాయరు. పోలీసు ఉద్యోగం చేసినవాడు కాదు. 1979లో గెలిచి, 2012 మొదట్లో దిగిపోయేదాకా ముప్పై రెండేళ్లు షెరిఫ్‌గా ఉన్నాడు. ఆయన హయాంలోనే, 2003లో, ఆ జైల్లో పెద్దవాళ్ల కోసం ఒక హైస్కూలు మొదలైంది. కాలిఫోర్నియా చట్టం ప్రకారం ఇప్పుడు అలాంటి లాయరు షెరిఫ్‌గా నామినేషనే వెయ్యలేడు. తాళాలు తీసిన అనుభవం కావాలి, తాళాల వెనక ఉన్నవాళ్లతో మాట్లాడిన అనుభవం లెక్కలోకి రాదు.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది మాత్రం మూడో మాట. ప్రజా భద్రత. ఇందులో ప్రజ ఎవరు? అమెరికా కౌంటీ జైళ్లలో ఉన్నవాళ్లలో మూడింట రెండొంతులకు పైగా ఇంకా నేరం రుజువు కానివాళ్లు. బెయిలు డబ్బు కట్టలేక చాలామంది లోపలే ఉండిపోతారు. చట్టం ప్రకారం వాళ్లలో ఎక్కువమందికి ఓటుంది, వెయ్యడానికి దారే సరిగా లేదు. షెరిఫ్ అధికారం అందరికన్నా ఎక్కువగా ఎవరి ఒంటి మీద పడుతుందో, ఆయన్ని ఎన్నుకోవడంలో వాళ్ల మాట అందరికన్నా తక్కువ.

కౌటిల్యుడు దండం గురించి చెప్పింది ఇక్కడ గుర్తొస్తుంది. దండం మరీ తీక్షణమైతే జనం బెదిరిపోతారు, మరీ మెత్తనైతే లెక్కచెయ్యరు, తగినట్టుగా ఉంటేనే గౌరవిస్తారు. రాజుకి చెప్పిన మాట ఇది. రాజుకి ఓట్లతో పనిలేదు. బెదిరేవాళ్లూ గౌరవించేవాళ్లూ ఒకే జనం అనుకుని చెప్పిన మాట కూడా. ఎన్నికల్లో అలా ఉండదు. బెదిరేది ఒకరు, ఓటేసేది ఇంకొకరు. అప్పుడు తీక్షణదండం కోపాన్ని కాదు, మెజారిటీని తెస్తుంది. అర్పాయో గుడారాలు ఉన్నా గెలవలేదు, గుడారాల వల్లే గెలిచాడు.

ఇదంతా బావకి చెబుతుంటే నాకే గొంతులో ఏదో అడ్డం పడింది. మనకి ఎస్పీని ఎన్నుకునే పని లేదు. కానీ 2019 డిసెంబరు 6 ఉదయం? దిశ కేసులో నలుగురు నిందితులు షాద్‌నగర్ దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయారని తెలియగానే జనం పోలీసుల మీద పూలు చల్లారు. అది ఓటు కాక ఏమిటి? సుప్రీంకోర్టు వేసిన కమిషన్, చంపే ఉద్దేశంతోనే కాల్చారని 2022లో తేల్చింది. ఆ ఉదయం మా ఫ్యామిలీ గ్రూపులో నేను కూడా చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టాను. తర్వాత తీసెయ్యాలనిపించింది, తియ్యలేదు. ఇప్పటికీ పైకి స్క్రోల్ చేస్తే ఉంటుంది.

రచయితలు పోటీ చేస్తే బాగుపడుతుందా అనుకునేవాళ్లకి హంటర్ థాంప్సన్ ఉన్నాడు. 1970లో కొలరాడోలోని ఆస్పెన్‌లో షెరిఫ్ పదవికి నిలబడ్డాడు. పొట్టి క్రాపు ఉన్న ప్రత్యర్థిని "జులపాల వాడు" అనడం కోసం తను గుండు కొట్టించుకున్నాడు. వీధులు తవ్వి గడ్డి నాటిస్తానన్నాడు. షెరిఫ్, ఆయన మనుషులు జనం మధ్యకి తుపాకులు తీసుకురాకూడదన్నాడు. ఓడిపోయాడు. వేళాకోళమంతా తీసేస్తే ఆ తుపాకుల మాట ఒక్కటి మిగులుతుంది. అనుభవం లేనివాడు కాబట్టే అడగగలిగిన ప్రశ్న అనిపిస్తుంది నాకు.

చివరికి బావతో అన్నాను: "ఇద్దరికీ ఈమెయిల్ పెట్టు బావా. మీ కింద పనిచేసినవాడు తప్పు చేసినప్పుడు మీరేం చేశారు? ఒక్క సందర్భం చెప్పమను." నవ్వాడు. కానీ పెట్టాడు.

కుక్కాయన ఆఫీసు నుంచి అదే కరపత్రం పీడీఎఫ్‌గా వచ్చింది. రెండో ఆయన దగ్గర్నుంచి పదకొండు రోజుల తర్వాత నాలుగు లైన్లు వచ్చాయి. చాలా ఏళ్ల క్రితం ఒక డెప్యూటీ ఖైదీని కొట్టి, వాడే పడిపోయాడని రిపోర్టు రాశాడట. అబద్ధమని తెలిసీ ఈయన సంతకం పెట్టాడట. రెండు నెలల తర్వాత తనే పైకి చెప్పాడట. డెప్యూటీ ఉద్యోగం పోయింది, ఈయన ప్రమోషన్ ఆగింది.

"దీన్నేం చేసుకోవాల్రా? అబద్ధానికి సంతకం పెట్టినవాడికి వెయ్యాలా, ఒప్పుకున్నవాడికి వెయ్యాలా? ఇద్దరూ ఒకడే అయిపోయాడు" అన్నాడు బావ.

నా దగ్గర జవాబు లేదు. ఆ రెండు నెలలూ ఆ ఖైదీ ఎక్కడున్నాడో ఈమెయిల్‌లో లేదని మాత్రం అన్నాను. బావ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, గడువు రేపేననీ, కవరు మీద సంతకం మర్చిపోతే ఓటు చెల్లకుండా పోతుందనీ చెప్పి ఫోన్ పెట్టేశాడు.