అమ్మ నుదుటి మచ్చ

ముఖం మీది మచ్చ ఎవరి సొత్తు? ఇదేం ప్రశ్న, ఎవరి ముఖం మీద ఉంటే వారిదే గదా అంటారు మీరు. నేనూ అట్లాగే అనుకునేవాణ్ని, అమ్మ సంవత్సరీకం దగ్గరపడి జనగామలో ఒక ఫొటో స్టూడియో మెట్లెక్కేదాకా.

అమ్మ ఫొటో మాకు మిగిలింది ఒక్కటే. 1979లో అక్క పెళ్లప్పుడు తీయించిన నలుపు తెలుపు బొమ్మ, అరచేయంత కూడా లేదు. దాన్ని పెద్దది చేయించాలని ముగ్గురం అనుకున్నాం. అక్క మహబూబాబాద్‌లో ఉంటుంది, తను మాత్రం ఇప్పటికీ మానుకోట అనే అంటుంది. తమ్ముడు భూపాలపల్లిలో సింగరేణి కొలువు చేసి, రిటైరయ్యాక అక్కడే స్థిరపడ్డాడు. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఒక్క వరంగల్ జిల్లా పిల్లలం మూడు జిల్లాల వాళ్లమయ్యాం లెండి.

“వట్టిగ పెద్దగ చేస్తే ఏముంటది సార్? పెయింటింగ్ లెక్క చేసిస్త” అన్నాడు స్టూడియో కుర్రవాడు. నేను చాయ్ తాగి గ్లాసు కింద పెట్టేలోపల తెర మీద అమ్మ ప్రత్యక్షమైంది. కుంచె పెట్టి వేసినట్టు నూనెరంగులు, జరీ మెరుపు, నిండు బుగ్గలు. ఏ జమీందారిణో అనిపించింది. ఎడమ కనుబొమ మీది మచ్చ మాత్రం లేదు.

“మచ్చ ఏదోయ్?” అంటే, “సాఫ్ట్‌వేర్ దాన్ని మరక అనుకుంటది సార్” అన్నాడు.

తర్వాత దాని కిటుకు తెలుసుకున్నాను. నూనెరంగుల్లా కనిపించేట్టు చేసే పద్ధతుల్లో ఒకటి ఇది: బొమ్మలోని ప్రతి చుక్కకూ చుట్టుపక్కల చుక్కలు చూసి, వాటిలో ఏ రంగు ఎక్కువగా ఉంటే ఆ రంగే పులమడం. అంటే ఓట్లు లెక్కపెట్టడమే! నున్నని నుదుటి మీద మచ్చకు ఎన్ని ఓట్లు పడతాయి? పాపం, డిపాజిట్ కూడా దక్కదు. ఇంతకన్నా ఘనమైన విద్యలూ వచ్చాయి. 2015లో జర్మనీలోని ట్యూబింగెన్ పరిశోధకులు తమ ఊరి ఫొటోను వాన్‌గో చిత్రించిన నక్షత్రాల రాత్రి తీరులోకి మార్చి చూపారు. మరుసటి ఏడాదికే ఆ విద్య సెల్‌ఫోన్లలోకి దిగింది.

యంత్రాన్ని తిట్టి ఇంటికి వెళ్దామా అంటే మనసొప్పలేదు. వెనకటి స్టూడియోల్లో పెన్సిలు మొన చెక్కి నెగెటివ్ మీద అమ్మవారి మచ్చలు పూడ్చేవారు. నలుపు తెలుపు పెళ్లికూతుళ్ల బుగ్గలకు రంగులద్దేవారు. లాలా దీన్‌దయాళ్ ఫొటోలు చూసి మెచ్చిన ఆరో నిజాం ఆయనకిచ్చిన బిరుదు ముసవ్విర్ జంగ్. ముసవ్విర్ అంటే చిత్రకారుడు! ఫొటోకూ చిత్రానికీ ఈ చుట్టరికం పాతదే.

పోనీ, పోలిక లేకపోవడమే తప్పా? జనగామకు దగ్గర్లోని చేర్యాలలో నకాశీలు బట్టకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి, జిగురు పట్టించి, ఎర్రని నేల మీద కులపురాణాలు గీస్తారు. ఆ బొమ్మల్లో అందరివీ ఇంచుమించు ఒకే తీరు కళ్లు. అయినా ఎవరూ అబద్ధమనరు. ఎందుకంటే అవి “ఇదిగో మీ అమ్మ” అనవు. గోడ మీద దండ వేసిన పటం ఆ మాట అంటుంది. చిక్కంతా అక్కడుంది.

సెల్‌లో బొమ్మ ఇద్దరికీ పంపాను. “మారాణి లెక్కున్నదన్నా!” అని మురిసిపోయాడు తమ్ముడు. అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: “ఆనాడు అమ్మ కొంగు నుదుటి మీదికి ఎందుకు గుంజుకున్నదిరా? మచ్చ కనపడొద్దనే గద. కొంగు జారి కొంచెం కనపడ్డది. ఇన్నేండ్లకు ఆమె కోరిక తీరింది, ఉండనియ్యి.”

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే ఆ మచ్చ చేసింది నేను. ఎనిమిదేళ్లప్పుడు మామిడికాయకు విసిరిన రాయి అమ్మకు తగిలింది. కడప మీద పడ్డానని నాన్నకు చెప్పింది, ఊరికి చెప్పింది, చివరిదాకా అదే చెప్పింది. ఆమె కొంగు దాచింది తన అందం కోసమా, నా కోసమా? ఇప్పుడు ఈ పటం గోడకెక్కితే నా తప్పుకు ఉన్న ఒక్క సాక్ష్యమూ పోతుంది. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం హాయిగానే అనిపించింది. ఆ హాయిని చూసే భయపడ్డాను. చెరపడం అమ్మ హక్కు కావచ్చు. నాకు మాత్రం లేదు.

ఆ రాత్రే అక్కకు ఫోన్ చేసి, జరిగింది చెప్పాను. “అయితే పెట్టియ్యి” అంది, అంతే.

మర్నాడు స్టూడియోకు వెళ్లాను. “ఇది కంప్యూటర్ చెయ్యది సార్, చేత్తోని గియ్యాలె. ఎంతుండె? ఏ రంగుండె?” అని అడిగాడు కుర్రవాడు. చేసినవాణ్ని, నాకే తెలియలేదు! అసలు ఫొటోలో కనిపించేది కొంగు అంచున బూడిదరంగు నలుసు. మళ్లీ అక్కనే అడిగాను. “చింతగింజలో సగం. చలికాలం కొంచెం ఎర్రగయ్యేది” అంది. తమ్ముణ్ని అడిగితే “ఏం మచ్చ?” అన్నాడు.

కుర్రవాడు అరగంట కూర్చున్నాడు. గీశాడు, చెరిపాడు, నా ముఖం చూశాడు, మళ్లీ గీశాడు. పటం మొత్తంలో చిత్రలేఖనమంటూ ఉంటే ఆ సగం చింతగింజే అని నాకనిపిస్తుంది. మిగతా ముఖం గురించి ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. దాని గురించి మాత్రం ఒక మనిషి ఇంకో మనిషిని అడగాల్సి వచ్చింది.

సంవత్సరీకం రోజు పటానికి దండ వేశాం. మనవడు తలెత్తి చూసి, “ఆమె నుదుటి మీద గదేంది తాతా?” అన్నాడు.

కూర్చోబెట్టి చెప్పాను.