అంగడిలో అచౌర్యము

ఇయ్యని వస్తువును గైకొనకుండుటే అచౌర్యము. శ్రావకుని పంచాణువ్రతములలో ఇది మూడవది. అంగడిలో సబ్బుబిళ్ళనో, చీరనో చాటుగా సంచిలో వేసికొన్నవాడు దోషియే. కాని ఆ వేళ వర్తకుని ధర్మమేమి?

పూర్వము షావుకారు గల్లాపెట్టె యొద్ద కూర్చుండి, అడిగిన సరుకే తీయించి యిచ్చెడివాడు. 1916లో అమెరికాలోని మెంఫిస్ నగరమున క్లారెన్స్ సాండర్స్, కొనువారే సరుకు ఏరుకొను అంగడి తెరచెను. నేడు ఆ పద్ధతి ఊరూర కలదు. సరుకుతోపాటు ఆశయు చేతికి అందినది. కనుక దొంగను పట్టుటకంటె దొంగతనమునకు చోటీయకుండుట మేలు. విలువైన చిన్న సరుకు గల్లా యెదుట నుంచవలెను. అరలు చూపునకు అడ్డు రాకూడదు. వచ్చినవారిని వెంటనే పలుకరించవలెను; అది మంచివానికి మర్యాద, చెడ్డవానికి హెచ్చరిక.

పట్టుబడినవానిని కొట్టుట, నలుగురిలో నిలబెట్టుట హింసయే. క్షమించినచో దొంగలు పెరుగుదురందురు. సరుకు తిరిగి పుచ్చుకొని, ఏకాంతమున మందలించి పంపుట క్షమయే గాని ఉపేక్ష కాదు. 2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితయు, 5,000 రూపాయలకు లోపు దొంగతనమున మొదటిసారి దోషియైనవాడు సొత్తు తిరిగి యిచ్చినచో సమాజసేవనే శిక్షగా విధించినది. చట్టమునకున్న దయ అహింసావ్రతికి ఉండవలదా?

తక్కువ తూకము, కల్తీ, దొంగసొత్తు కొనుట, ఇవియు అచౌర్యవ్రతమునకు అతిచారములే. కొనువాని సంచి వెదకుటకు ముందు తన త్రాసు చూచుకొన్నవాడే ఉత్తమ వర్తకుడు.